విశ్వవిద్యాలయ మానసిక ఆరోగ్య కౌన్సెలర్లు: తిరుపతి, చిత్తూరు ప్రాంతం

విశ్వవిద్యాలయంలో చదువుకునే వారి మానసిక ఇబ్బందులను విని, తగిన సాయం చేసి, అవసరమైతే వైద్యుడి దగ్గరికి పంపే శిక్షణ పొందిన ఉద్యోగి కౌన్సెలర్. ఆయన పాఠం చెప్పరు, మార్కులు వేయరు, క్రమశిక్షణ చర్యలు తీసుకోరు. ఈ మూడింటికీ దూరంగా ఉండటమే ఆ ఉద్యోగానికి ఆయువుపట్టు. మన దేశంలో చాలాచోట్ల ఈ పని ఇప్పటికీ ఎవరో ఒక అధ్యాపకుడి నెత్తిన అదనపు బాధ్యతగానే ఉంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఉన్నత విద్యాసంస్థలు ఒకదాని పక్కన ఒకటి వెలసినందువల్ల ఈ లోటు ఇక్కడ మరింత స్పష్టంగా కనబడుతుంది.

చదువుల ఊరు

తిరుపతికి యాత్రికుల తర్వాత ఎక్కువగా వచ్చేది విద్యార్థులే. 1954లో శేషాచలం కొండల కింద శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. 1960లో ఎస్వీ వైద్య కళాశాల, 1961లో సంస్కృత విద్యాపీఠం వచ్చాయి. ఆ విద్యాపీఠమే 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంగా కేంద్రీయ హోదా పొందింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆడపిల్లల కోసం శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, ఆ తర్వాతి దశాబ్దంలో తిరుపతిలో పశువైద్య, వేద విశ్వవిద్యాలయాలు, 2015లో ఐఐటీ, ఐసర్ ఏర్పడ్డాయి. చివరి రెండింటి శాశ్వత ప్రాంగణాలు ఏర్పేడు దగ్గర ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి చిత్తూరు జిల్లాను విడదీశాక వీటిలో ఎక్కువ భాగం తిరుపతి జిల్లాలోకి, కుప్పం చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి.

ఇన్ని సంస్థల్లో చదివే పిల్లలందరి దిగులూ ఒక్క తీరుగా ఉండదు. పలమనేరు, పుంగనూరు, సత్యవేడు వైపు పల్లెల నుంచి వచ్చి పీజీలో చేరిన అబ్బాయి ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు కావచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆలస్యమైతే మెస్ బిల్లు పేరుకుపోతుంది, ఆ సంగతి ఇంటికి చెప్పలేడు. ఐఐటీలో చేరిన పిల్ల కథ వేరు. పదో తరగతి దాకా ఊళ్లో ఆమెదే మొదటి ర్యాంకు. ఇక్కడ క్లాసులో అందరూ అలాంటివారే. ఇంటర్మీడియట్ రెండేళ్లూ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో గడిపిన పిల్లలకు, తమ పొద్దును తామే దిద్దుకోవాల్సి రావడం కూడా కొత్త కష్టమే. పరిశోధక విద్యార్థుల సంగతి చెప్పనక్కర్లేదు: సంతకం గైడు చేతిలో, ఫెలోషిప్ ఢిల్లీ చేతిలో, ఇంట్లో వాళ్ల ప్రశ్నలు సంక్రాంతికీ ఉగాదికీ సిద్ధంగా ఉంటాయి. పెళ్లి సంబంధం కుదిరితే చదువు ఎక్కడ ఆగిపోతుందోనన్న భయం అమ్మాయిల్లో చాలామందికి ఉంటుంది. సంస్కృత విశ్వవిద్యాలయానికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చేవారికి భాషే తెలియదు.

భాష ఇక్కడ చిన్న విషయం కాదు. నగరి, సత్యవేడు వైపు తమిళం, కుప్పం వైపు తమిళంతో పాటు కన్నడం కూడా ఇళ్లల్లో వినబడతాయి. బాధ చెప్పుకోవడానికి ఇంగ్లీషు వెతుక్కోవాల్సి వస్తే సగం మాట గొంతులోనే ఆగిపోతుంది. ఈ ప్రాంతంలో పనిచేసే కౌన్సెలర్‌కు ఇంటి తెలుగు రావడం, తమిళం కనీసం అర్థం కావడం పెద్ద డిగ్రీ అంత విలువైన అర్హత.

వెనకటి కథ

విద్యార్థుల మానసిక ఆరోగ్యానికి విడిగా ఒక సేవ ఉండాలన్న ఆలోచన అమెరికాలో పుట్టింది. 1910లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో మనోవైద్యుడు స్టూవర్ట్ పేటన్ మొదలుపెట్టిన సేవను ఈ కోవలో మొదటిదిగా చెబుతారు. 1942లో అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ పుస్తకం వచ్చాక, సలహాలు గుప్పించడం కన్నా ఎదుటి మనిషి చెప్పేది తీర్పు లేకుండా వినడం ముఖ్యమన్న పద్ధతి కౌన్సెలింగ్‌లో బలపడింది. మన దేశంలో మాత్రం ఈ పని ఉద్యోగ మార్గదర్శనంగా మొదలై చాలాకాలం అక్కడే ఆగింది. ఏ కోర్సు చదవాలి, ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి అన్న ప్రశ్నలకు విశ్వవిద్యాలయాల్లో బ్యూరోలు వెలిశాయి. రాత్రి నిద్ర పట్టడం లేదని చెప్పుకోవడానికి గది దొరకలేదు.

వైద్యం వైపు చూస్తే చిత్తూరు వాసులకు దారి పొరుగు రాష్ట్రంలోనే ఉండేది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రాన్ని ప్రారంభించింది. రోగితో పాటు ఇంటివాళ్లు కూడా అక్కడే ఉండి చూసుకునే పద్ధతిని కెనడా నుంచి వచ్చిన డాక్టర్ ఫ్లోరెన్స్ నికల్స్ అక్కడ నిలబెట్టారు. పిచ్చాసుపత్రి అంటే ఎత్తైన గోడలూ తాళాలూ అనుకునే రోజుల్లో ఇది సాహసమే. చిత్తూరు నుంచి గంట ప్రయాణం కాబట్టి, మన వైపు కుటుంబాలకు వేలూరు పోవడం అలవాటైన దారి. రాయలసీమ సరిహద్దులోని బళ్లారి జిల్లాలో 1980లలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం రూపుదిద్దుకుంది. తిరుపతిలో ఇప్పుడు ఎస్వీ వైద్య కళాశాల బోధనాసుపత్రి, అంటే ఊరంతా రుయా అని పిలిచే ఆసుపత్రిలో మనోవైద్య సేవలు అందుతాయి.

గదిలో జరిగేది

కౌన్సెలర్ దగ్గరికి వచ్చే విద్యార్థి తనకు కుంగుబాటు ఉందని చెబుతూ రావడం అరుదు. తలనొప్పి తగ్గడం లేదంటారు, అన్నం సయించడం లేదంటారు, గుండె దడగా ఉందంటారు. పుస్తకం తీస్తే అక్షరాలు కదులుతున్నాయంటారు. కాబట్టి మొదటి సమావేశం చాలావరకు నిద్ర, తిండి, హాస్టల్ గది, డబ్బు, ఇల్లు చుట్టూ తిరుగుతుంది. ఒక్కో సమావేశం ముప్పావు గంట నుంచి గంట దాకా సాగుతుంది.

కుంగుబాటు ఎంత తీవ్రంగా ఉందో అంచనా వేయడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ప్రపంచమంతటా వాడుకలో ఉంది. గత రెండు వారాల్లో ఎలా ఉన్నారని అడిగి, ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు దాకా వేస్తారు. మొత్తం 27. పది లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మరింత లోతుగా చూడాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాక మరేది వచ్చినా, మొత్తం ఎంతన్న దానితో పని లేకుండా కౌన్సెలర్ ఆ మాట దగ్గరే ఆగి నేరుగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన కలుగుతుందన్నది జనంలో ఉన్న అపోహ. అడిగినందువల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు తేల్చాయి. చాలామంది ఆ ప్రశ్న విన్నాకే ఊపిరి పీల్చుకుంటారు.

తర్వాతి పని భద్రతా ప్రణాళిక. ఆలోచనలు ముసురుకునే ముందు ఏ గుర్తులు కనబడతాయి, అప్పుడు ఎవరి గదికి వెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి, హాని చేసే వస్తువులను ఎవరికి అప్పగించాలి అన్నవి విద్యార్థి తన మాటల్లో కాగితం మీద రాసుకుంటాడు. కౌన్సెలర్ మందులు రాయరు. మందులు కావాల్సి వస్తే మనోవైద్యుడికి ఉత్తరం ఇచ్చి పంపుతారు. అక్కడితో వదిలేస్తే ఆ ఉత్తరం జేబులోనే నలిగిపోతుంది. ఓపీ ఏ రోజు ఉంటుంది, తోడు ఎవరు వస్తారు, ఆ పూట క్లాసు హాజరు సంగతేమిటి అని చూసేవారే ఈ ఉద్యోగంలో పనికొస్తారు.

గోప్యత లేకపోతే ఇదంతా వట్టిదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగి వివరాలకు గోప్యత హక్కు ఇచ్చింది. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఇదే కట్టుబాటు కౌన్సెలర్ల వృత్తినీతిలోనూ ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థి మాటలను తల్లిదండ్రులు అడిగినా, వార్డెన్ అడిగినా చెప్పకూడదు. మన దగ్గర చిక్కల్లా ఇక్కడే వస్తుంది. ఫీజు కట్టిన నాన్నకు తెలుసుకునే హక్కు లేదంటే ఆయన నమ్మడు. తప్పు చేసినవాడిని పిలిచి నాలుగు మాటలు చెప్పి పంపడమే కౌన్సెలింగ్ అని అనుకునే అధికారులూ ఉన్నారు. గది గనక పరిపాలన భవనంలో, ప్రిన్సిపాల్ ఆఫీసు ఎదురుగా ఉంటే, విద్యార్థి ఆ గుమ్మం దాకా రావడమే మానేస్తాడు.

కొండ కింది ఊరు కాబట్టి ఇంకో సంగతి. పిల్లవాడు దిగులుగా ఉంటే ముందు మొక్కు మొక్కుకుని, తలనీలాలు ఇప్పించి, దర్శనం చేయించే ఇళ్లు చాలా ఉన్నాయి. దాన్ని ఎగతాళి చేసే కౌన్సెలర్ దగ్గరికి ఆ కుటుంబం రెండోసారి రాదు. మొక్కు తీర్చుకోండి, మాత్ర కూడా మానకండి అని చెప్పగలిగినవారి మాట చెల్లుతుంది.

చట్టం, సుప్రీంకోర్టు తీర్పు

2018 మేలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని నేరస్థుడిగా కాక తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని 115వ సెక్షన్‌లో చెప్పింది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్ లేదు. పోలీసు కేసు భయంతో హాస్టల్ యాజమాన్యాలు విషయం దాచిపెట్టడానికి ఇప్పుడు ఆ సాకు కూడా చెల్లదు.

విద్యాసంస్థల బాధ్యతను గట్టిగా చెప్పిన తీర్పు ఆంధ్రప్రదేశ్ కేసులోనే వచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న పశ్చిమ బెంగాల్ అమ్మాయి 2023 జులైలో మరణించింది. ఆమె తండ్రి వేసిన సుక్‌దేబ్ సాహా కేసులో జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం 2025 జులై 25న తీర్పు ఇచ్చింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో పాటు, చట్టం వచ్చేదాకా దేశమంతటా అమలయ్యేలా 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థా శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరినైనా నియమించాలి. మార్కులను బట్టి బ్యాచులు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనబడాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో 13,044 మంది, 2023లో 13,892 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ తీర్పుకు నాలుగు నెలల ముందు, 2025 మార్చిలో, అదే కోర్టులోని మరో ధర్మాసనం ఉన్నత విద్యాసంస్థల్లో ఆత్మహత్యలపై జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని నియమించింది.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ చర్చ కొత్తదేమీ కాదు. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో మరణాలపై నీరదా రెడ్డి కమిటీ 2001లోనే ఏర్పడింది. యూజీసీ 2015లో ఇచ్చిన విద్యార్థి భద్రతా మార్గదర్శకాల్లోనూ ఒక్కో అధ్యాపక కౌన్సెలర్‌కు పాతికమంది చొప్పున అప్పగించాలని ఉంది. కాగితం మీద లోటు ఎప్పుడూ లేదు.

కౌన్సెలర్ చేయలేనిది

మూలం సంస్థలోనే ఉన్నప్పుడు వినడం ఒక్కటే చాలదు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాత దేశమంతా చర్చించింది కుల వివక్ష గురించి, ఆగిపోయిన ఫెలోషిప్ గురించి. 2018 ఆగస్టులో తిరుపతి ఎస్వీ వైద్య కళాశాలలో పీజీ చదువుతున్న వైద్యురాలు మరణించినప్పుడు బోధకుల వేధింపులపై ఆరోపణలు వచ్చాయి, జూనియర్ డాక్టర్లు ఆందోళనకు దిగారు. ఇలాంటి సందర్భాల్లో కావలసింది ఫిర్యాదును విచారించే యంత్రాంగం. దాని బదులు బాధితుడినే కౌన్సెలింగ్‌కు పంపితే, తప్పు నీ మనసులోనే ఉందని చెప్పినట్టవుతుంది. మంచి కౌన్సెలర్ ఈ తేడా గుర్తుపట్టి, విద్యార్థి అనుమతితో ఫిర్యాదు దారి చూపిస్తారు.

అర్హతల సంగతి ఇంకా గజిబిజిగానే ఉంది. క్లినికల్ సైకాలజిస్టులు 1992 చట్టం కింద భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. కౌన్సెలర్లకు అలాంటి కట్టుదిట్టం చాలాకాలం లేదు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వారిని కూడా తన పరిధిలోకి తెచ్చింది. నియామకం ఒప్పంద పద్ధతిలో ఏడాదికొకసారి మారుతుంటే, ఒకరి దగ్గర మనసు విప్పిన విద్యార్థి మరుసటి ఏడు కొత్తవారికి మొదటి నుంచీ చెప్పుకోవాలి.

ఒక్క కౌన్సెలర్ వేలమందిని చూడలేరు కాబట్టి తోటి విద్యార్థుల సాయం తీసుకునే పద్ధతులు వచ్చాయి. ఐఐటీ హైదరాబాద్‌లోని సన్‌షైన్ విభాగంలో వృత్తి కౌన్సెలర్లతో పాటు సీనియర్ విద్యార్థులు మెంటర్లుగా, బడ్డీలుగా పనిచేస్తారు. వీళ్లు చికిత్స చేయరు. గది తలుపు వేసుకుని రెండు రోజులుగా మెస్‌కు రాని జూనియర్‌ను ముందుగా గమనించేది మాత్రం వాళ్లే. హాస్టల్ వాచ్‌మన్, మెస్‌లో వడ్డించే అక్క కూడా ఈ పనికి పనికొస్తారు. శిక్షణ జాబితాల్లో వాళ్ల పేర్లు కనబడటం అరుదు.

ప్రాంగణంలో కౌన్సెలర్ లేని వేళల్లో, ముఖ్యంగా రాత్రిపూట, ఫోన్ సేవలే దిక్కు. చెన్నైలో 1986 నుంచి స్నేహ, హైదరాబాద్‌లో 1997 నుంచి రోష్ని ఈ పని చేస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితంగా ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, అవసరమైతే వైద్య నిపుణులకు కలుపుతారు. ప్రాణాపాయం ఉన్నప్పుడు 108కి ఫోన్ చేయాలి.