కడుపులో బిడ్డకు బేరం

సరోగసీ నియంత్రణ చట్టం 2022 జనవరి 25న అమల్లోకి వచ్చింది. పిల్లలు లేని దంపతుల కోసం మరో స్త్రీ బిడ్డను మోసి, కని ఇచ్చే పద్ధతికి మన దేశంలో తొలిసారి హద్దులు గీసిన చట్టమిది. నర్సీపట్నం కాంప్లెక్సులో స్కానింగు కవరు పట్టుకుని విశాఖ బస్సు కోసం ఎదురుచూసే జంటల్లో ఏ కొద్దిమందికో దీనితో పని పడుతుంది. కానీ ఈ చట్టం వెనకున్న ప్రశ్న మాత్రం వాళ్లందరిదీ. ఒకరి కడుపు పండకపోతే ఆ భారం ఎవరు మోయాలి, ఎంత ఖరీదుకు?

ఈ ప్రశ్న మన పురాణాలంత పాతది. దశరథుడు పుత్రకామేష్టి చేశాడు. గాంధారి కన్న పిండాన్ని వ్యాసుడు ముక్కలు చేయించి నేతికుండల్లో పెట్టించాడు. దేవకి ఏడో గర్భం రోహిణి కడుపుకు చేరి బలరాముడు పుట్టాడు. ఈ కథలు చూపించి టెస్ట్‌ట్యూబు విద్య మనకెప్పుడో తెలుసునని వాదించేవాళ్లతో నేను ఏకీభవించను. నాకు వాటిలో నచ్చేది వేరే. బలరాముణ్ని నేటికీ రౌహిణేయుడనే పిలుస్తాం. మోసిన తల్లి పేరు బిడ్డ పేరులోనే నిలిచిపోయింది.

ఆ తర్వాత వందల ఏళ్ల పాటు రాజుల దానాలు రాతి మీదికెక్కాయి, సామాన్యుల ఇళ్లలోని ఖాళీ ఉయ్యాలలు ఎక్కలేదు. మొక్కులు మాత్రం మిగిలాయి. సింహాచలంలో కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటే సంతానం కలుగుతుందని ఉత్తరాంధ్ర నమ్మకం. ఆ స్తంభం కింద సంతాన గోపాల యంత్రం ఉందంటారు. అలా మొక్కి కన్నవాళ్లు అప్పన్న, సింహాచలం, అప్పలనర్సమ్మ అని పేర్లు పెట్టుకున్నారు. మన వీధుల్లో ఆ పేర్లు ఎన్ని ఉన్నాయో అన్ని మొక్కులు చెల్లినట్టు.

కలిగినవాళ్లకు మరో దారి ఉండేది. దత్తత. ఇక్కడ నేను విజయనగరం దగ్గర ఆగకుండా ముందుకు పోలేను.

ఆనాటి విశాఖపట్నం జిల్లాలోనే నర్సీపట్నమూ ఉండేది, విజయనగరమూ ఉండేది. విజయనగరం మహారాజు ఆనందగజపతి పండితుడు, కళాపోషకుడు, సంస్కరణాభిలాషి. జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని ఆడపిల్లల పెళ్లిళ్లు చేయడం ఎంతగా పాతుకుపోయిందో తెలుసుకోవాలని ఆయన ఓ లెక్క తీయించారు. మూడేళ్లలో నమోదైన శుల్క వివాహాలు 1,034. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది. రెండేళ్ల పసివాళ్లు ఆరుగురు, ఏడాది బిడ్డలు ముగ్గురు. ఏడాది బిడ్డ ధర 350 నుంచి 400 రూపాయలు. ఇంకా కడుపులో ఉండగానే బేరం కుదుర్చుకున్న సందర్భాలూ ఉన్నాయట.

ఈ లెక్క మన చేతికి వచ్చింది గురజాడ అప్పారావు వల్ల. ఎలమంచిలి దగ్గరి రాయవరంలో, అంటే ఇవాళ నర్సీపట్నం ఉన్న అనకాపల్లి జిల్లాలోనే, ఆయన 1862లో పుట్టారు. 1892లో మొదటిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. దానికి రాసిన ఇంగ్లీషు ముందుమాటలో మహారాజు తీయించిన అంకెలన్నీ గురజాడ పొందుపరిచారు. పుస్తకాన్ని ఆయనకే అంకితమిచ్చారు. అదే ఏడాది మే నెలలో ఆనందగజపతి కన్నుమూశారు. ఆయనకు పిల్లలు లేరు.

పుట్టని బిడ్డల మీద కూడా బేరాలు సాగుతున్నాయని లెక్క తేల్చిన రాజుకు సింహాసనానికి వారసుడు లేకుండా పోయాడు. తల్లి అలకరాజేశ్వరి మహారాణి చిట్టిబాబు అనే విజయరామ గజపతిని దత్తత తీసుకున్నారు. ఆ దత్తత చెల్లదంటూ దాయాదులు దావా వేశారు. ఆనందగజపతి సోదరి, రీవా మహారాణి అప్పలకొండమాంబకు గురజాడ 1898 నుంచి ఆంతరంగిక కార్యదర్శి. ఈ వ్యాజ్యం బరువంతా ఆయన భుజాల మీద పడింది. కాగితాలు, సాక్ష్యాలు, వకీళ్లు, మద్రాసు ప్రయాణాలు. చివరికి అది రాజీతో ముగిసినా గురజాడ ఆరోగ్యం అప్పటికే దెబ్బతిన్నది. 1915లో, 53 ఏళ్ల వయసులో ఆయన పోయారు. ఆ దావాలో కరిగిపోయిన ఏళ్లలో ఇంకేం రాసి ఉండేవారోనని తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

పెంపుడు బిడ్డ వంశం ఏమైంది? చిట్టిబాబు కొడుకుల్లో ఒకరు ‘విజ్జీ’. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్ ఆయనే. మనవడు పి.వి.జి. రాజు 1958లో మాన్సాస్ ట్రస్టు స్థాపించి వేల మంది చదువుకునే దారి వేశారు. సింహాచలం దేవస్థానానికి వంశపారంపర్య ధర్మకర్తలు ఈ కుటుంబంవారే. పిల్లల కోసం జనం కౌగిలించుకునే కప్పస్తంభం ఉన్న గుడిని కాపాడుతూ వస్తున్నది ఒక దత్తపుత్రుడి సంతతి! రక్తం పంచుకుంటేనే బిడ్డ అనేవాళ్లకు ఇంతకంటే జవాబు ఏం కావాలి?

ఇక్కడి నుంచి కథ పరుగందుకుంటుంది. 1978 జూలై 25న ఇంగ్లండులో తొలి టెస్ట్‌ట్యూబు బేబీ లూయిస్ బ్రౌన్ పుట్టింది. 70 రోజులకే, అక్టోబరు 3న, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో దుర్గ అనే పాప అదే పద్ధతిలో పుట్టింది. ప్రభుత్వ కమిటీ ఆయన్ను నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో గుజరాత్‌లోని ఆణంద్ విదేశీ దంపతులకు పిల్లల్ని మోసి ఇచ్చే ఊరుగా పేరుపడింది. 2008లో బేబీ మాంజీ అక్కడే పుట్టింది. పుట్టేలోపే జపాన్ దంపతులు విడిపోవడంతో ఆ పసిపాప సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

మన దగ్గర 2019 సెప్టెంబరు 5న గుంటూరులో 74 ఏళ్ల స్త్రీ, పెళ్లయిన 57 ఏళ్లకు, దాత అండంతో ఐవీఎఫ్ ద్వారా కవల ఆడపిల్లల్ని కన్నది. ప్రపంచమంతా ఆ వార్త రాసింది. ఆ వయసులో గర్భం ప్రాణం మీదికి తెస్తుందని, చేయకూడదని వైద్యులు అన్నది నిజం. అయితే దశాబ్దాల పాటు గొడ్రాలన్న మాట భరించిన మనిషిని తప్పుబట్టడానికి నాకు నోరు రాదు. ఇప్పుడైతే చట్టమే ఒప్పుకోదు. 50 దాటిన స్త్రీకి ఆ చికిత్స చేయకూడదు.

2021 నాటి సరోగసీ చట్టం అద్దె గర్భాన్ని డబ్బుకు అమ్మడం, కొనడం నిషేధించింది. మోసే స్త్రీకి పెళ్లై, సొంత బిడ్డ ఉండాలి. వయసు 25 నుంచి 35 మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే మోయాలి. ఆమె అండం వాడకూడదు. 36 నెలల బీమా చేయించాలి. దీన్ని వ్యాపారం చేస్తే పదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా.

చట్టం ఒకవైపు, బేరం మరోవైపు. చట్టం రాకముందే, 2020లో విశాఖలో ఓ సంతాన సాఫల్య ఆసుపత్రిపై కేసు నమోదైంది. పేద గర్భిణులకు ఆశ చూపి, పుట్టిన బిడ్డలను అమ్మారన్నది అభియోగం. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో మరో కేసు. సరోగసీ బిడ్డ అని ఓ జంట దగ్గర 35 లక్షలు తీసుకున్నారని, డీఎన్ఏ పరీక్షలో ఆ బిడ్డ వాళ్లది కాదని తేలిందని పోలీసులు చెప్పారు. కన్నవాళ్లకు ముట్టింది 90 వేలని కూడా చెప్పారు. ఆ శిశువు పుట్టింది విశాఖలోనే. మహారాజు లెక్క తీయించిన ప్రాంతమే మళ్లీ కడుపులో బిడ్డకు బేరం చూసింది.

సంతానలేమి జబ్బు. అవమానం కాదు, తలరాత అంతకన్నా కాదు. దాదాపు సగం కేసుల్లో మగవాడి లోపమూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎదుర్కొంటారు. ఇంత మందిని పట్టే జబ్బుకు వైద్యం ఎక్కువగా ప్రైవేటు క్లినిక్కుల్లోనే దొరకడం అన్యాయం. తెలంగాణ 2023లో గాంధీ ఆసుపత్రిలో ఐవీఎఫ్ కేంద్రం తెరిచింది. అలాంటిది విశాఖకు కావాలి, ప్రాథమిక పరీక్షలు నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలోనే జరగాలి. మన్యం నుంచి దిగి వచ్చే జంట తొలి పరీక్షకే అప్పు చేయకూడదు.

ఈలోగా మనం చేయగలిగినవి ఉన్నాయి. భార్యతో పాటు భర్త కూడా మొదటి రోజే పరీక్ష చేయించుకోవాలి. సరోగసీ మాట వస్తే ఆ క్లినిక్కుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగాలి, మధ్యవర్తికి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. పెంచుకోవాలనుకుంటే కేంద్ర దత్తత సంస్థ కారా వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవడమే సరైన దారి. ఎక్కడైనా బిడ్డను అమ్ముతున్నారని చెవిన పడితే 1098కి ఫోన్ చేయండి.