రుద్రూర్ షెడ్డులో సెంటర్ బేరింగ్

బోధన్ దాటినప్పటి నుంచీ కాళ్ల కింద అదే వణుకు. ఆగి కదిలిన ప్రతిసారీ సీటు కింద ఎవరో పిడికిలితో గుద్దుతున్నట్టు దడదడ; స్పీడు ముప్పై దాటగానే మాయం. అరవై దగ్గర ఇంకో తీరు, సన్నటి మూలుగు. క్లచ్ తొక్కినా ఆగదు. జనవరి పొద్దు, యాసంగి నాట్ల కాలం. మళ్లలోంచి ఎక్కిన ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా బురదగడ్డలు రాల్చుకుంటూ పోయాయి. ఈ బురదకు పుట్టిల్లు 1931లో మంజీర మీద పూర్తయిన నిజాంసాగర్.

రుద్రూర్‌లో లారీలు బాగుచేసే షెడ్డు ముందు ఆపాను. ఉస్తాద్ లారీ కింద నుంచి తల బయటికి పెట్టాడు.

"కారుకు నడుమ షాఫ్ట్ ఉన్నదా సార్?"

"ఉంది ఉస్తాద్. ఆల్ వీల్ డ్రైవ్."

"అట్లైతే లారీ లెక్కనే. గుంత మీదికి తేండ్రి."

అతని వెనకే నేనూ గుంతలోకి దిగాను. గేర్ ఆయిల్ వాసన, నెత్తిమీద సైలెన్సర్ వేడి. ముందు గేర్‌బాక్స్ నుంచి వెనక డిఫరెన్షియల్ దాకా షాఫ్ట్ రెండు ముక్కలుగా పోతోంది. ఒకే గొట్టమైతే వేగంగా తిరిగేటప్పుడు మధ్యలో విల్లులా వంగి కొట్టుకుంటుంది. అందుకే మధ్యలో బేరింగ్, దాని చుట్టూ రబ్బరు, ఆ రబ్బరును ఛాసిస్‌కు పట్టి ఉంచే ఇనుప పట్టీ. నాలాంటి చాలా కార్లలో వెనక చక్రాలు బలం అడగకపోయినా ఈ షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది, అరవైలో నిమిషానికి వెయ్యి చుట్లకు పైగా. బురదలోకి దిగినప్పుడే దానికి పని అనుకున్నాను ఇన్నాళ్లూ!

ఉస్తాద్ షాఫ్ట్‌ను చేత్తో పైకి నెట్టాడు. వేలెడు లేచింది. రబ్బరు సగం చుట్టూ తెగి వేలాడుతోంది.

"బేరింగ్ పోయిందంటరు గని, శానసార్లు ముందుగాల పోయేది రబ్బరే. నెలకెన్నిసార్లు వాటర్ సర్వీసింగ్ చేపిస్తరు?"

"నాలుగు."

నవ్వాడు. బేరింగ్ అంచున తుప్పు రంగు వలయం చూపించాడు. గొట్టంలోంచి వచ్చే నీటి ధారను దగ్గర నుంచి సీలు మీదికి కొడితే నీళ్లు లోపలికి దూరుతాయి, గ్రీసు పాడవుతుంది, గుండ్లు ఎండిపోతాయి. మడిలో బురద చేసిన దానికంటే, ఆ బురదను కడగాలన్న నా ఆత్రమే ఎక్కువ చేసింది.

విప్పే ముందు అతను సుద్దముక్కతో షాఫ్ట్ మీద, ఫ్లాంజ్ మీద, రెండు ముక్కలు కలిసే చోట గీతలు పెట్టాడు. నాకు నచ్చిన పనితనం ఇదే. షాఫ్ట్ కీళ్ల, అంటే క్రాస్‌ల, వరస ఒక్క పన్ను తప్పినా, కొత్త బేరింగ్ వేసినా వణుకు తిరిగొస్తుంది.

కారు కంపెనీ లెక్కలో ఈ బేరింగ్ విడిగా దొరకదు, షాఫ్ట్ మొత్తం కొనాలి. ఉస్తాద్ పాత బేరింగ్‌ను డీజిల్‌తో తుడిచి అంచు మీది నంబరు చదివాడు: 6006. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం, 30 మిల్లీమీటర్లు. ఆ నంబరు మామూలు బేరింగ్ దుకాణంలో దొరుకుతుంది. రబ్బరు మాత్రం కొలత చూసి వెతకాలి.

"జెడ్ జెడ్ తేకుండ్రి. టూ ఆర్ ఎస్ అడుగుండ్రి."

జెడ్ జెడ్ అంటే రెండు పక్కలా రేకు మూత; దుమ్మును కొంత ఆపుతుంది, నీళ్లను ఆపలేదు. టూ ఆర్ ఎస్‌కు రెండు పక్కలా రబ్బరు సీలు. మా వరి నేలకు అదే సరి.

క్రాస్‌లను కూడా వేళ్లతో అటూ ఇటూ తిప్పి చూశాడు. లారీ క్రాస్‌లకు గ్రీస్ నిపుల్ ఉంది, నాలుగు మూతల నుంచీ పాత గ్రీసు వెళ్లేదాకా కొట్టొచ్చు. నా కారుకు అదీ లేదు. అదృష్టం, అవి గట్టిగానే ఉన్నాయి. ఆల్ వీల్ డ్రైవ్ కాబట్టి నాలుగు టైర్ల అరుగుదల ఒక్కలాగే ఉండాలన్న మాట కూడా చెప్పాడు.

పొద్దు వాలేసరికి బండి దిగింది. కాలువ గట్టు దాకా నడిపి వచ్చాను. ఆపి కదిలించాను, మళ్లీ ఆపి కదిలించాను. సీటు కింద గుద్దు లేదు.

మీ బండికీ నడుమ షాఫ్ట్ ఉంటే, నీళ్ల గొట్టం పట్టుకున్న కుర్రాడికి ఆ నల్ల రబ్బరు చూపించండి. దాని మీదికి ధార కొట్టొద్దని చెప్పండి.