పాత చీర, చౌడునీళ్లు: అశ్వారావుపేట వైపు పసిగుడ్డల చరిత్ర

ఉతికి వాడే గుడ్డ డైపర్లు ఇప్పుడు పట్నాల్లో కొత్త సరుకు. పెట్టె మీద అమ్మమ్మల కాలపు పద్ధతి అన్న మాట దాదాపు తప్పకుండా ఉంటుంది. ఆ మాటలో సగమే నిజం. అమ్మమ్మలు పసిపిల్లలకు గుడ్డ వాడారు, సరే. ఆ గుడ్డ ఎవరింట్లో ఉండేది, ఎన్ని ఉండేవి, ఎవరు ఉతికేవారు అని అడిగితే మాత్రం కథ అంత ముచ్చటగా ఉండదు. అడగడానికి అశ్వారావుపేట మంచి చోటు. ఒకవైపు పాత నైజాం గ్రామవ్యవస్థ, దాని చాకిరేవులు. ఇంకోవైపు గోదావరి దాకా పరుచుకున్న అడవి, కోయ గూడేలు, కొండరెడ్ల పల్లెలు. ఊరు నిజాం రాజ్యంలో వరంగల్ జిల్లా కింద ఉండేది. 1953లో ఖమ్మం జిల్లాలోకి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. రాష్ట్ర సరిహద్దు ఊరిని ఆనుకునే పోతుంది. పసిపిల్లను పొడిగా ఉంచడానికి ఒకే కాలంలో రెండు రకాల ఏర్పాట్లు ఇక్కడ పక్కపక్కనే నడిచాయి. వాటిని కలిపి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది: పసిగుడ్డ చరిత్రలో గుడ్డది చిన్న వేషం. నీళ్లు, క్షారం, ఎండ, ఉతికే చేతులు, ఈ నాలుగింటిదే పెద్ద కథ.

ముందు గుడ్డ సంగతి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మొదటి పంచవర్ష ప్రణాళిక 1955-56 నాటికి తలకు ఏడాదికి 15 గజాల బట్ట అందించాలని లక్ష్యం పెట్టుకుంది. ఆరు గజాల లెక్కన అది రెండున్నర చీరలు. అందుకోవాల్సిన గమ్యమే అంత అయితే, దానికి ముందు యుద్ధకాలపు కంట్రోలు బట్ట రోజుల్లో పేద ఇంటి పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఇక ఆ చీర పాతబడితే దాని మీద ఎన్ని కళ్లు! బొంత కుట్టాలి, ఉయ్యాల కట్టాలి, ఆడవాళ్ల నెలసరికి గుడ్డలు కావాలి, పొయ్యి దగ్గర మసిగుడ్డ కావాలి. వీటన్నిటి తర్వాత పసిబిడ్డకు. అయిదున్నర మీటర్ల చీరను వెడల్పులో సగానికి చించి చదరాలు చేస్తే పద్దెనిమిది వస్తాయి. నడుమ చివికిపోయిన చీరైతే పది దక్కడం గగనం. నెలల పిల్ల రోజుకు పన్నెండు, పదిహేనుసార్లు తడుపుతుంది. అంటే ఉతికినవి ఆరని వానాకాలంలో పిల్లకు ఒక రోజు గడవాలంటే కనీసం రెండు చీరలు చిరిగి సిద్ధంగా ఉండాలి. అన్ని పాతచీరలున్న ఇల్లు అంటే కొత్త చీరలు కొనే ఇల్లు. పసిగుడ్డల దొంతర అప్పట్లో కలిమికి గుర్తు, పేదరికానికి కాదు.

పుట్టిన బిడ్డకు కొత్తబట్ట తొడగకూడదు, పురిటి స్నానం అయ్యేదాకా పెద్దల పాతబట్టే చుట్టాలి అన్న ఆచారం తెలుగువాళ్లలో చాలా ఇళ్లలో ఉంది. దీన్ని దిష్టి భయంగా కొట్టిపారేసేవాళ్లున్నారు. భయం ఉండవచ్చు గానీ, ఆచారం మగ్గం సంగతి తెలిసినవాళ్ల తెలివితో కూడా సరిపోతుంది. మగ్గం మీది నూలుకు గంజి పట్టిస్తారు. పత్తి పోగుకు సహజంగానే పల్చటి మైనపు పూత ఉంటుంది. ఈ రెండూ వదిలేదాకా కొత్త నూలుగుడ్డ నీటిని పీల్చదు, పైపైన జార్చేస్తుంది. పసిచర్మానికి గరుకు కూడా. పదులసార్లు క్షారంలో ఉడికి, బండ మీద దెబ్బలు తిన్న చీరే మెత్తన, అదే బాగా పీల్చేది. ఇప్పటి గుడ్డ డైపరు తయారీదారులు కూడా మొదటి వాడకానికి ముందు నాలుగైదుసార్లు ఉతకమని కాగితం పెట్టి మరీ చెబుతారు. పాతచీరకు ఆ కాగితం అక్కర్లేకపోయింది.

ఉతుకు దగ్గరికి వస్తే అసలు విషయం మొదలవుతుంది. మైదానపు ఊళ్లలో పురిటి గుడ్డలు ఇంటివాళ్లు ముట్టేవి కావు. పురుడు పోసే మంత్రసాని చాలాచోట్ల మంగలి ఇంటి ఆడమనిషి. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులాల సంపుటాల్లోనూ ఈ మాట ఉంది. మైల గుడ్డల మూట మాత్రం చాకలి ఇంటికి పోయేది. అక్కడ జరిగే పని మామూలు ఉతుకు కాదు. గుడ్డల్ని చౌడునీళ్లలో నానబెట్టి, బాన మూతి చుట్టూ పేర్చి, కింద మంటపెట్టి ఆవిరి పట్టించేవారు. దాన్నే ఉబ్బ అంటారు. తర్వాత రేవులో బండకేసి బాది, పారే నీళ్లలో జాడించి, ఎండలో పరిచేవారు. చౌడులో ఉండేది సోడా క్షారం. అది రెండు పనులు చేస్తుంది. మలమూత్రాల మురికిని విడదీస్తుంది. నూనె జిడ్డును సబ్బుగా మార్చి కడిగేస్తుంది. పసిపిల్లకు రోజూ నువ్వుల నూనెతోనో ఆముదంతోనో ఒళ్లు మర్దించే చోట ఈ రెండో పని చిన్నది కాదు. జిడ్డు పట్టిన గుడ్డ తడి పీల్చడం మానేస్తుంది. ఆవిరికీ ఎండకూ సూక్ష్మజీవులు నశిస్తాయి. ఆసుపత్రుల్లో బట్టల్ని ఆవిరి యంత్రంలో శుద్ధి చేసే పద్ధతి వెనకున్న సూత్రం ఇక్కడా ఉంది, ఒత్తిడి ఒక్కటే తక్కువ.

ఈ పనికి దక్కిందేమిటి? ఏడాదికోసారి కళ్లంలో ఇచ్చే మేర, రోజూ ఇంటింటా ఎత్తుకునే అన్నం. దొరలకూ గ్రామాధికారులకూ చేసిన ఉతుకైతే తెలంగాణలో వెట్టి కిందే పోయేది. పాలకుర్తిలో తన భూమి కోసం దేశ్‌ముఖును ఎదిరించిన చిట్యాల ఐలమ్మ చాకలి కులపు మనిషే కావడం యాదృచ్ఛికం అనుకోను. ఒక ఇంట్లో బిడ్డ పుడితే పదకొండు రోజులపాటు ఆ ఇంటి మైలనంతా మోసే కుటుంబానికి, అదే ఇంట్లో సాటి మనిషి స్థానం దక్కేది కాదు. అమ్మమ్మల గుడ్డల తెల్లదనాన్ని తలుచుకునేవాళ్లు ఈ లెక్క కూడా తలుచుకోవాలి. మైల గడిచాక రోజువారీ గుడ్డల పని ఇంటి ఆడవాళ్ల మీద పడేది: అత్తగారు, ఆడపడుచు, కలిగినవాళ్లయితే పనిమనిషి. తండ్రి పేరు ఈ జాబితాలో ఎక్కడా రాదు.

అడవి వైపు ఇంకో ఏర్పాటు. దుమ్ముగూడెంలో మిషనరీగా ఉన్న జాన్ కెయిన్ 1870ల నుంచి భద్రాచలం ప్రాంతపు కోయల గురించి రాశాడు. పుట్టిన ఏడో రోజున బిడ్డను మంచం మీద పడుకోబెట్టి, చేతిలో ఇప్పాకు పెట్టి ఒక పేరు పలుకుతారని, పిడికిలి మూస్తే పేరు నచ్చినట్టు, ఆకు వదిలేసినా ఏడ్చినా ఇంకో పేరు వెతుకుతారని అతను చెప్పిన వైనాన్ని థర్‌స్టన్ తన సంపుటంలో చేర్చుకున్నాడు. బయటినుంచి వచ్చినవాళ్ల చూపు ఇలాంటి వేడుకల మీదే ఆగేది. ఆ బిడ్డ తడిపిన గుడ్డ ఎవరు పిండారన్నది ఎవరికీ రాయదగ్గ విషయం కాలేదు. అయినా మిగతా ఆధారాల నుంచి ఊహించవచ్చు. కోయలు, కొండరెడ్లు నేతగాళ్లు కారు. బట్ట సంతలో కొనాలి, కొనడానికి ఇప్పపువ్వో చింతపండో అమ్మాలి. గూడెంలో మైదానపు చాకలి మేర వ్యవస్థ లేదు. కాబట్టి తక్కువ గుడ్డతో, ఎక్కువ కనిపెట్టుకుని ఉండటంతో పని నడిచేది. పిల్ల తల్లి ఒంటినో అవ్వ ఒంటినో అంటిపెట్టుకుని ఉంటుంది. కదలికను బట్టి దించి, కాళ్లు చాపి పాదాల మీద కూర్చోబెడతారు. నేల మట్టిది, అలికితే సరి. నడక వచ్చిన పిల్లకు మొలతాడు తప్ప మరేమీ లేకపోవడం ఈ పద్ధతిలో లోటు కాదు.

అది పేదరికమే కదా, దానికి తెలివి అని పేరుపెట్టి గొప్ప చేయడమెందుకు అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గుడ్డ కొనలేకపోవడం పేదరికమే. చలికాలపు రాత్రి తడి బొంతలో పిల్ల వణకడం, విరేచనాలు మట్టినేల మీదుగా ఇంకో పిల్లకు సోకడం నిజంగా జరిగినవే. వాటిని కప్పిపుచ్చితే అబద్ధమవుతుంది. కానీ ఒక విషయంలో గూడెం పద్ధతి పెట్టెలోని సరుకు కంటే ముందుంది: పిల్ల తడిపిన సంగతి ఎత్తుకున్న మనిషికి వెంటనే తెలుస్తుంది. దీని విలువ వైద్యులకు ఆలస్యంగా అర్థమైంది. 1921లో అమెరికాలో కుక్ అనే వైద్యుడు పిరుదుల మీది ఒరుపుకు కారణం వెతుకుతూ, తడిగుడ్డలో నిలిచిన మూత్రాన్ని సూక్ష్మజీవులు అమోనియాగా మార్చడాన్ని పట్టుకున్నాడు. తర్వాతి పరిశోధకులు ఆ వాదాన్ని సవరించారు. క్షారగుణం పెరిగినప్పుడు మలంలోని ఎంజైములు చర్మాన్ని కొరుకుతాయని, మలమూత్రాలు కలిసి ఎక్కువసేపు ఒంటికి అంటి ఉండటమే అసలు హాని అని తేల్చారు. ఏ వాదం తీసుకున్నా మందు ఒకటే: త్వరగా మార్చడం, గాలి తగలనివ్వడం.

ఇక్కడే పై తొడుగు సంగతి వస్తుంది. గుడ్డ కంటే ఎక్కువ మార్పు తెచ్చింది ఇదే. పల్లెల్లో మొదట కనిపించింది ఆసుపత్రుల నుంచి వచ్చిన రబ్బరు షీటు. అది పక్కను కాపాడింది గానీ పిల్లను మూయలేదు. అమెరికాలో మారియన్ డోనోవన్ స్నానాలగది తెర గుడ్డతో తడి బయటికి రాని తొడుగు కుట్టింది. అది 1949లో దుకాణాల్లోకి వచ్చింది. 1961లో వాడి పారేసే డైపరు పాంపర్స్ దిగింది. తొడుగు రావడంతో తడి కనిపించకుండా పోయింది. ఎత్తుకున్నవాళ్ల చీర పొడిగా ఉంటుంది, పిల్ల మాత్రం తడిలో ఉంటుంది. గడియారం చూసి మార్చాలి, ఒంటికి తెలియదు. ఇప్పటి గుడ్డ డైపర్ల తొడుగు పాలియెస్టరుకు పాలియురెథేన్ పొర అతికించినది. దాన్ని ఉబ్బకు వేస్తే పొర విడిపోతుంది, ఎలాస్టిక్ సాగిపోతుంది. అంటే మన దగ్గరున్న అన్నిటికన్నా గట్టి శుద్ధి పద్ధతి ఈ సరుకుకు పనికిరాదు. అందుకే లోపలి గుడ్డ విడిగా ఊడివచ్చే రకం ఎంచుకోవడం మేలు. నూలుగుడ్డను వేడినీళ్లలో ఉడకబెట్టవచ్చు, తొడుగును చల్లనీళ్లలో జాడించి నీడన ఆరేయవచ్చు. అన్నీ కలిపి కుట్టిన దళసరి రకం జూన్ నుంచి సెప్టెంబరు దాకా అశ్వారావుపేట ముసురులో రెండు రోజులైనా ఆరదు. పల్చటి చదరపు గుడ్డ, మడిచి వాడేది, పొయ్యిగదిలో దండెం మీద పూటలో ఆరుతుంది. పూర్వం బాలింత గదిలో కుంపటి మీద బుట్ట బోర్లించి గుడ్డలు ఆర్చింది ఇందుకే. సువాసననూ మెత్తదనాన్నీ ఇచ్చే ద్రవాలు మాత్రం దూరంగా ఉంచాలి. అవి పోగు మీద పూతలా పేరుకుని, కొత్తబట్ట మైనం చేసే పనే చేస్తాయి.

పర్యావరణం కోసమైనా గుడ్డే మేలు కదా అన్నది ఇంకో వాదన. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో వేసిన లెక్క ఇక్కడ కళ్లు తెరిపిస్తుంది. ఒక పిల్ల మొదటి రెండున్నరేళ్లకు పారేసే డైపర్ల వాతావరణ భారం సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఉతికేవాటిది సగటున 570. గుడ్డే ఓడిపోయింది! కారణం గుడ్డ కాదు: వేడి యంత్రంలో ఆరబెట్టడం, సగం నిండిన యంత్రం తిప్పడం. ఎండలో ఆరేసి, యంత్రం నిండా వేసి, అవే గుడ్డలు రెండో బిడ్డకూ వాడితే ఆ భారంలో సుమారు 200 కిలోలు తగ్గాయి. ఎండలో ఆరేయడం, అన్న వాడిన గుడ్డ చెల్లికి వాడటం మన దగ్గర ఎవరూ నేర్పాల్సిన పనులు కావు. ఈ విషయంలో అశ్వారావుపేట లండను కంటే నయం.

మరి పారేసేవే వాడితే చేతులకు విశ్రాంతి కదా? ఒకరి చేతులకు, నిజమే. ఆయిల్‌పామ్ తోటల్లో కూలికి పోయే తల్లికి, ప్రయాణంలో ఉన్నవాళ్లకు అది పెద్ద ఊరట. దాన్ని సోమరితనమనడం అన్యాయం. కానీ పని మాయం కాలేదు, చేయి మారింది. వాడిన డైపర్లను చుట్టి విడిగా ఇవ్వాలని, చుట్టడానికి సంచులు తయారీదారులే ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. వీధి చివరి కుప్పను చూస్తే ఆ మాట ఎంత నడిచిందో తెలుస్తుంది. 2025లో అశ్వారావుపేట మున్సిపాలిటీ అయ్యింది. ఆ కుప్పల చెత్తను ఇప్పుడు ఏరేది మున్సిపల్ పారిశుధ్య కార్మికులు. పాత మైలమూటలాగే ఈ కొత్త మూట కూడా ఎక్కువగా అణగారిన కులాలవాళ్ల మీదే పడింది.

ఈ లెక్కతో చూస్తే గుడ్డ వాడదలచిన ఇంటికి ముందున్న ప్రశ్న ఏ రంగు, ఏ కంపెనీ అన్నది కాదు, ఉతికేది ఎవరన్నది. నల్లా నీళ్లు, వాషింగ్ మిషను ఉన్న ఇంట్లో ఆ పని మగవాడు చేయలేకపోవడానికి కారణమేమీ లేదు. ఇంట్లో కుదరకపోతే డబ్బిచ్చి ఉతికించడం ఉంది. అమెరికాలో పసిగుడ్డలు తీసుకెళ్లి ఉతికి తెచ్చే సంస్థలు 1930ల నుంచే వ్యాపారంగా నడిచాయి. తెలంగాణ ప్రభుత్వం 2021 నుంచి ధోబీఘాట్లకు, లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇస్తోంది, కాబట్టి ఆ పని ఇక్కడి లాండ్రీలూ చేయవచ్చు. రజకుల్ని మళ్లీ మైలగుడ్డలకే పంపుతారా అని ఎవరైనా కోపగిస్తే ఆ కోపానికి చరిత్ర ఉంది. అయితే మేరకు, వెట్టికి చేసిన పనిలో రేటు చెప్పే వీలూ, కాదనే వీలూ రెండూ లేవు. యంత్రం మీద, కిలో లెక్కన, ఇష్టమైతేనే చేసే పనిలో రెండూ ఉండాలి. కిలోకు ఎంత అన్నది ఉతికేవాళ్లే చెప్పాలి. ఆ రేటు డైపరు ప్యాకెట్ ధరను మించినా సరే.