జమా ఖర్చు: సింగరేణి నుండి సత్యం దాకా



ప్రతి ఏటా మన జనరల్ బాడీ మీటింగులో ఒక సంగతి చూస్తున్నాము. అధ్యక్షులవారు మాట్లాడుతున్నంతసేపు హాలు నిండుగా ఉంటుంది. ఖజాంచీ సాబ్ లేచి జమా ఖర్చు చదవడం మొదలుపెట్టగానే సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. కొందరు చాయ్‌కి పోతారు, కొందరు దేగ్చా దగ్గరికి పోతారు. కూర్చున్నవారు కూడా “మనవాళ్లే కదా, అడిగితే ఏమనుకుంటారో” అని ఊరుకుంటారు. మేమూ అట్లా ఊరుకున్నవారిలోనివారమే. అది మర్యాద అనుకున్నాము. మన ప్రాంతంలోనే జరిగిన రెండు సంగతులు చదివిన తరువాత ఆ అభిప్రాయం మార్చుకున్నాము.

ముందుగా ఒక మాట. జమా, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఖజానా: తెలుగువారు లెక్క రాసేటప్పుడు వాడే ఈ మాటలన్నీ అరబ్బీ, ఫార్సీల నుండి సర్కారు దఫ్తర్ల దారిన వచ్చి తెలుగులో స్థిరపడ్డవే. బడిలో ఈ సంగతి చెపితే పిల్లలు ఆశ్చర్యపోతారు. కానీ మాటలున్నంత మాత్రాన లెక్క సరిగా ఉంటుందని కాదు. 1853లో మొదటి సాలార్‌జంగ్ దివాన్ అయ్యేనాటికి హైదరాబాద్ రాజ్యంలో శిస్తు వసూలు గుత్తదారుల చేతుల్లో ఉండె. రైతు దగ్గర ఎంత వసూలైందో, ఖజానాకు ఎంత చేరిందో పొంతన ఉండేది కాదు. ఆయన గుత్తలు తీసేసి, జీతం మీద పనిచేసే తాలూక్‌దార్లను పెట్టినారు. 1865లో జిలాబందీ చేసినారు. 1883లో ఆయన కాలం చేసినారు. మొదటి సంగతి ఆ తరువాత మూడేళ్లకే జరిగింది.

1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నదని కనుగొన్నారు. 1886లో నిజాం సర్కారు గనుల హక్కును వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషువారికి ఇచ్చింది. లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఏర్పడింది. దాని మూలధనం కాగితం మీద 10 లక్షల పౌండ్లు, అంటే 10 పౌండ్ల షేర్లు ఒక లక్ష. అందులో 85 వేల షేర్లను హక్కు తెచ్చినవారే, రొక్కం కట్టకుండా, పూర్తిగా చెల్లించినట్టు రాయించుకున్నారు. తరువాత నిజాం సర్కారు కూడా ముఖవిలువ కన్న ఎక్కువ ధర పెట్టి ఈ కంపెనీ షేర్లు కొన్నది. ఆ బేరం నడిపింది సర్కారులో పెద్ద హోదాలో ఉన్న సర్దార్ అబ్దుల్ హక్. అమ్మే పక్షంలో ఆయనకు కూడా వాటా ఉన్న సంగతి సర్కారుకు చెప్పలేదు. సర్కారు ఇచ్చిన రొక్కం గనులు తవ్వడానికి పోలేదు, షేర్లు అమ్మినవారి జేబుల్లోకి పోయింది. గుట్టు బయటపడ్డాక 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ వేసి విచారించింది. అబ్దుల్ హక్ హోదా పోయింది.

రెండవది మనలో చాలామందికి జ్ఞాపకం ఉండే సంగతి. సత్యం కంప్యూటర్స్ రిజిస్టర్డ్ ఆఫీసు మన సికింద్రాబాద్‌లోనే, సర్దార్ పటేల్ రోడ్డు మీద ఉండేది. 2008 సెప్టెంబరులో ఆ కంపెనీకి మంచి నిర్వహణకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. నాలుగు నెలలు తిరగకముందే, 2009 జనవరి 7న, ఛైర్మన్ రామలింగరాజు తమ లెక్కలు తప్పని ఉత్తరం రాసినారు. పుస్తకాల్లో రొక్కం, బ్యాంకు నిల్వ కలిపి 5,361 కోట్లు చూపించినారు. అందులో 5,040 కోట్లు లేనే లేవు. లేని డిపాజిట్లకు దొంగ రసీదులు పుట్టినవి. ఆడిటర్లు ఏళ్ల తరబడి ఆ లెక్కల కింద సంతకాలు చేసినారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందికి శిక్ష వేసింది. ఆ తీర్పు మీద వారు అప్పీలుకు పోయినారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇల్లందులో బొగ్గు నిజం. 1920లో సింగరేణి కాలరీస్ అయిన ఆ కంపెనీ నేటికీ బొగ్గు తవ్వుతున్నది. సత్యంలో వేలాది పిల్లలు రాత్రింబవళ్లు చేసిన పనీ నిజం. 2009లోనే టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకుని నడిపించింది. పని నిజమే, లెక్కే అబద్ధం. పని బాగున్నది కదా అని లెక్క చూడకుండా వదిలిపెట్టినందుకే రెండు చోట్లా నష్టం వచ్చింది.

పండితులు దీని మీద చాలా పరిశోధన చేసినారు. అమెరికాలో జార్జి అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బేరాన్ని తీసుకుని ఒక వ్యాసం రాసినారు. అమ్మేవాడికి లోపం తెలుసు, కొనేవాడికి తెలియదు. అట్లాంటి బజారులో మంచి సరుకుకు కూడా ధర పడిపోతుందని చూపించినారు. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. సీతాఫల్‌మండిలో ఉన్న మనకు ఇది ఫలంతో చెపితే చాలు. పండు లోపల ఎట్లున్నదో బుట్ట పెట్టుకున్నవాడికి తెలుసు, మనకు తెలియదు. రెండుసార్లు మోసపోతే మంచి పండు తెచ్చినవాడిని కూడా నమ్మము. చందాల సంగతీ అంతే. ఒకచోట లెక్క చెడితే పక్క బస్తీలో నిజాయితీగా పనిచేసే సంఘానికి కూడా చందా పుట్టదు. అప్పుడు నష్టపోయేది బేవా ఔరతులు, ఫీజు కట్టలేని పిల్లలు.

సత్యం తరువాత 2013లో కొత్త కంపెనీల చట్టం వచ్చింది. పెద్ద కంపెనీల్లో ఒకే ఆడిటరు ఎల్లకాలం ఉండకుండా గడువు పెట్టినారు. 2018లో ఆడిటర్ల పని మీద కన్నేసి ఉంచే జాతీయ సంస్థను కూడా ఏర్పాటు చేసినారు. చట్టం కంపెనీలను చూస్తుంది. మన బస్తీ సొసైటీని చూసుకోవలసింది మనమే.

కాబట్టి సభ్యులకు మా మనవి. ఈ రెండు సంగతుల నుండి రెండు ప్రశ్నలు నేర్చుకుందాము. ఒకటి: పుస్తకంలో ఉన్న నిల్వ, బ్యాంకు పాస్‌బుక్కులో ఉన్న నిల్వ ఒకటేనా? రెండు: సొసైటీ కొన్న సామాను ఎవరి దుకాణంలో కొన్నాము, వారికి మన కమిటీలో ఎవరైనా చుట్టమా? చుట్టమైతే తప్పు లేదు, చెప్పకపోతేనే తప్పు.

ఇది అనుమానం కాదు. అడిగేవాడు ఉంటే ఖజాంచీ సాబ్‌కే బలం. రేపు ఎవరైనా వేలు చూపిస్తే, అందరి ముందు చదివినాను, అందరూ విన్నారు అని ఆయన తల ఎత్తి చెప్పగలడు. ఈసారి మీటింగులో ఆయన లేచినప్పుడు మేము కుర్చీ వదలము. మీరూ కూర్చోండి. చాయ్ తరువాత తాగుదాము.