అరాదు ధూపవేదికపై గంజాయి

ఇశ్రాయేలీయుల ఆరాధనలో మత్తు కలిగించే మొక్కలకు చోటున్నదా? చాలాకాలము ఈ ప్రశ్న ఒక్క మాట చుట్టూనే తిరిగింది. నిర్గమకాండము 30:23లో అభిషేక తైలమునకు విధించిన సంభారములలో "కానే బోసెమ్" 250 తులములు. అది గంజాయియేనని 1936లో సూలా బెనెట్ ప్రతిపాదించారు. కానే అంటే రెల్లు, బోసెమ్ అంటే సుగంధము. గ్రీకు సెప్టువజింతు అనువాదకులు సువాసనగల రెల్లు అన్నారు. మన తెలుగు బైబిలులో నిమ్మగడ్డి నూనె అని ఉన్నది. ఉచ్చారణలో పోలిక తప్ప బెనెట్ వాదమునకు గట్టి ఆధారము లేదు. మిష్నాలో గంజాయికి "కన్నబోస్" అని వేరే మాట కనబడుతున్నది.

మాటను విడిచి రాళ్లను చూద్దాము. నెగెబులో యూదా రాజ్యపు దక్షిణ సరిహద్దు కోట అరాదు. 1960లలో యోహానాన్ అహరోని అక్కడ ఒక చిన్న ఆలయమును త్రవ్వి తీశారు. అతిపరిశుద్ధ స్థలపు ద్వారమున రెండు సున్నపురాతి ధూపవేదికలు, లోపల ఒక నిలువురాయి. వేదికలపై నల్లగా గట్టిపడిన పదార్థము మిగిలి ఉన్నది. ఆనాటి పరీక్షలు దానిని తేల్చలేకపోయాయి. 2020లో ఎరాన్ అరీ, బారూక్ రోసెన్, ద్వోరీ నమ్దార్ ఫలితములు ప్రకటించారు: పెద్ద వేదికపై జంతువుల క్రొవ్వుతో కలిసిన సాంబ్రాణి, చిన్నదానిపై పేడతో కలిసిన గంజాయి. మత్తు కలిగించే టి.హెచ్.సి. కూడ అందులో దొరికింది. పేడ అనగానే అపవిత్రమనుకోనక్కరలేదు. పిడకల నిప్పుపై సాంబ్రాణి వేయడము మన ఇండ్లలో ఎరిగినదే. పేడ మెల్లగా, తక్కువ వేడితో కాలుతుంది. గంజాయికి కావలసినది అదే. సువాసన కొరకే అయితే ప్రక్కనే సాంబ్రాణి ఉన్నది. కనుక ఇక్కడ పొగ మత్తు కొరకే అన్న ఆ పరిశోధకుల అభిప్రాయము నాకు సమంజసముగా తోస్తున్నది.

అయితే క్రీ.పూ. 8వ శతాబ్దపు ఈ ఒక్క వేదికను చూపి యెరూషలేము దేవాలయములోను ఇదే జరిగిందనడము తొందరపాటు. అక్కడి వేదికలు మనకు దొరకలేదు. నిర్గమకాండము 30:34లోని ధూపద్రవ్యములలో గంజాయి లేదు; 30:9 అన్యధూపమును నిషేధించింది. ప్రత్యక్ష గుడారములోనికి వెళ్లే యాజకుడు మద్యము త్రాగరాదని లేవీయకాండము 10:9 ఆజ్ఞ. మత్తులేని మనస్సుతో సేవ చేయాలన్న పట్టు ఆ గ్రంథములో ఉన్నది. అయితే నిషేధము ఉన్నదంటే, నిషేధింపవలసిన ఆచారము ఎక్కడో ఉండి ఉండవచ్చునని కూడ అర్థము. అరాదు యాజకులు అన్యదేవతలను కొలిచినవారని చెప్పడానికి వీలులేదు. అది యూదా రాజుల కోట.

ఆ వేదికలను ఎవరో ప్రక్కకు పరుండబెట్టి మట్టితో కప్పారు. హిజ్కియా సంస్కరణ (2 రాజులు 18:4) ఫలితమని కొందరు, శత్రుభయముతో దాచారని కొందరు అంటారు. హిజ్కియా స్తంభములను పగులగొట్టినట్లు ఆ వచనము చెబుతున్నది. అరాదులో నిలువురాయిని గాని వేదికలను గాని ఎవరూ పగులగొట్టలేదు. కప్పినవారు మరల వచ్చి నిలబెట్టుకోవాలని తలచినవారే అనుకుంటాను.