ఎన్ని జాన్‌లు ఇవ్వాలి?

ఈద్ సెలవులకి ఆకివీడులో మా చిచ్చా ఇంట్లో పిల్లలంతా జమ అయ్యారు. టీవీలో ఫైటింగ్ గేమ్ పెట్టుకున్న కాసేపటికే దివాన్ మీద అసలు లడాయి మొదలైంది. "ఒక్క జానే. పోతే లేచి పక్కన కూర్చోవాలి" అంటాడు పెద్దవాడు. "మూడివ్వు భాయ్, నేనింకా నేర్చుకుంటున్నా కదా" అని ఎనిమిదేళ్ల చిన్నోడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఫైసలా చెప్పమని ఇద్దరూ నా దగ్గరకొచ్చారు.

నవ్వి పంపేద్దామనుకున్నాను. కానీ ఈ సవాల్ చాలా పాతది.

మన చెడుగుడునే చూడండి. కబడ్డీకి పాత జమానాలో మూడు రకాల ఉసూళ్లుండేవి. 'గామినీ'లో ఒకసారి అవుటైతే, ఒక జట్టు మొత్తం అవుటయ్యేదాకా బయటే కూర్చోవాలి. 'అమర్'లో చావే లేదు. ముట్టుకుంటే ఎదుటి జట్టుకి పాయింటు, ఆటగాడు మాత్రం బరిలోనే ఉంటాడు. 'సంజీవని'లో ఎదుటి జట్టువాడు ఒకడు పోతే మనవాడు ఒకడు లేస్తాడు. అదీ వరసలోనే, ముందు పోయినవాడే ముందు వస్తాడు. ఏడుగురూ పోతే ఎదుటి జట్టుకి లోనా కింద రెండు పాయింట్లు అదనం, ఆ తర్వాత అందరూ మళ్లీ బరిలోకి. ఈనాటి కబడ్డీ నడిచేది ఈ సంజీవని పద్ధతిలోనే. ఓటమికి ఖీమత్ ఉంది, మౌకా కూడా ఉంది.

కుస్తీలో మన అఖాడాల రివాజు వేరు. రెండు భుజాలూ మట్టికి తగిలి 'చిత్' అయితే ఖేల్ ఖతం. విలాయతీ కుస్తీలో మాత్రం మూడింట రెండు గెలవాలనే పద్ధతి ఉండేది. 1910 ఆగస్టులో లండన్‌లో గామా పహిల్వాన్ అమెరికాకి చెందిన డాక్టర్ రోలర్‌ని మొదట 1 నిమిషం 40 సెకన్లలో పడగొట్టాడు. రెండోసారి 9 నిమిషాలు దాటింది. మొదటిసారి నసీబ్ అనుకున్నా, రెండోసారి పడ్డాక బహానా మిగల్లేదు.

సీరత్ రివాయతుల్లో అరబ్బు పహిల్వాన్ రుకానా సంగతి చదివే ఉంటారు. ప్రవక్త (స) చేతిలో పడిపోయి, "మరోసారి" అని అడిగాడు. ఆ మౌకా దొరికింది, మళ్లీ పడ్డాడు.

వీడియో గేముల్లోనూ ఇదే బహస్. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 మూడింట రెండు రౌండ్ల పద్ధతి పెట్టింది. సూపర్ స్మాష్ బ్రదర్స్ పోటీల్లో, 2001 నాటి మెలీకి నాలుగు జాన్‌లు, 2018 నాటి అల్టిమేట్‌కి మూడు అలవాటయ్యాయి.

నాకు అర్థమైంది ఇది. ఒక్క జాన్ ఇస్తే ఆ ఒక్క క్షణానికే ఇమ్తెహాన్. సమ ఉజ్జీలైన ఉస్తాదులకి అది సరిపోతుంది. నేర్చుకునేవాడికి అలా పెడితే వాడు ఆడేది తక్కువ, పక్కన కూర్చునేది ఎక్కువ. ఇక జాన్‌లకి లెక్కే లేకపోతే పడతామన్న భయం పోతుంది, ఆటలో మజా కూడా పోతుంది.

"ఇద్దరికీ మూడేసి" అన్నాను. పెద్దవాడు మూతి ముడుచుకునే ఒప్పుకున్నాడు.

చిన్నోడు మూడూ పోగొట్టుకున్నాడు. మూడోదానికి మాత్రం పెద్దవాడు దివాన్ మీంచి లేచి, నిలబడి ఆడాల్సొచ్చింది.