కేరాఫ్ కంచరపాలెం: అనుమతి ఇచ్చేదెవరు?

విశాఖపట్నంలోని కంచరపాలెం నేపథ్యంగా వెంకటేష్ మహా రచించి, దర్శకత్వం వహించిన తొలి చిత్రం 'కేరాఫ్ కంచరపాలెం'. అమెరికాలో వైద్యురాలైన పరుచూరి విజయప్రవీణ దీనికి నిర్మాత. ఒక ప్రధాన పాత్రలో నటించింది కూడా ఆమే. పెద్ద సంస్థల పెట్టుబడి లేకుండా తయారైన ఈ సినిమా నచ్చి రానా దగ్గుబాటి సమర్పకుడిగా ముందుకు రావడంతో 2018 సెప్టెంబరు 7న థియేటర్లకు చేరింది. అంతకు ముందే న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు ఎంపికైంది.

సినిమాలో నాలుగు ప్రేమలు పక్కపక్కనే నడుస్తాయి. బడి పిల్లాడు సుందరానికి తోటి విద్యార్థిని సునీత అంటే ఇష్టం. కండబలంతో బతుకు వెళ్లదీసే జోసెఫ్, బ్రాహ్మణ కుటుంబానికి చెందిన భార్గవిని ప్రేమిస్తాడు. మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, రోజూ సీసా కొనడానికి వచ్చే సలీమాను ముసుగులోంచి కనిపించే కళ్లతోనే గుర్తుపెట్టుకుంటాడు. ఆమె వేశ్య అని తెలిశాక కూడా పెళ్లికి సిద్ధపడతాడు. నలభై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లికాని ఆఫీసు అటెండర్ రాజుకు, ఒడిశా నుంచి బదిలీపై వచ్చిన అధికారి రాధతో స్నేహం కుదురుతుంది. ఆమె వితంతువు, ఎదిగిన కూతురి తల్లి.

ఈ నలుగురూ ఒక్కడేనని చివర్లో తెలుస్తుంది. సినిమా చూడనివారికి ముందే చెప్పేయడం అన్యాయమే కానీ, ఇది దాచిపెడితే ఆ సినిమా గురించి మాట్లాడటానికి పెద్దగా ఏమీ మిగలదు. దశాబ్దాల తేడాతో జరిగిన సంగతులను ఒకే కాలంలో జరుగుతున్నట్టు నమ్మించడానికి దర్శకుడు కాలాన్ని సూచించే ఆనవాళ్లను మసకబార్చాడు. రెండోసారి చూసేవారికి ఆ అతుకులు కొన్ని కనిపిస్తాయి. అయినా ఆ మలుపు కేవలం చమత్కారం కోసం పెట్టింది కాదు. విడివిడిగా చూసినప్పుడు కులం, మతం, నీతి అనే వేర్వేరు గోడల కథల్లా తోచినవన్నీ ఒక్క మనిషి ఒంటిమీది దెబ్బలుగా మారతాయి. రాజు గుడి బయటే ఎందుకు నిలబడిపోతాడో అప్పుడు అర్థమవుతుంది.

ఇంకో సంగతి అంతగా చర్చకు రాలేదు. సునీతను దూరం పంపేది తండ్రి. భార్గవిని వెనక్కి లాగేదీ తండ్రే. సలీమా హత్యకు గురవుతుంది. ప్రతిసారీ అనుమతి పైతరం చేతిలోనో, మతం పేరు చెప్పుకునేవాళ్ల చేతిలోనో ఉంది. రాధ విషయంలో ఆమె అన్న అడ్డు చెబుతాడు, కూతురు మాత్రం తల్లి పక్షాన నిలబడుతుంది. అంటే పెళ్లికి ఒప్పుకోవాల్సినవాళ్లే మారిపోయారు, తల్లికి కూతురు సరే అంటోంది. రాజు మగతనం మీద గుసగుసలాడుకున్న ఊరే ఆ పెళ్లికి కదులుతుంది. ఊరిని దుర్మార్గంగానో దేవాలయంగానో చూపకపోవడం ఈ సినిమా నిజాయితీ.

నటుల్లో 80 మందికి పైగా స్థానికులే. చాలామందికి కెమెరా కొత్త. రాజుగా సుబ్బారావు, రాధగా రాధా బెస్సీ, జోసెఫ్‌గా మోహన్ భగత్, భార్గవిగా ప్రణీత పట్నాయక్, గడ్డంగా కార్తీక్ రత్నం, సలీమాగా ప్రవీణ కనిపిస్తారు. సంభాషణలను డబ్బింగ్‌తో కాకుండా చిత్రీకరణ సమయంలోనే రికార్డు చేశారు. స్వీకార్ అగస్తి సంగీతంలో అనురాగ్ కులకర్ణి పాడిన 'ఆశా పాశం' సినిమా దాటి జనంలోకి వెళ్లింది.

తెలుగు తెరపై ఉత్తరాంధ్ర యాస చాలాకాలం నవ్వించడానికే పనికొచ్చింది. ఇక్కడ ఆ యాసలోనే ప్రేమిస్తారు, ఏడుస్తారు, తగువులాడుకుంటారు. ఈ యాస ఉత్తరాంధ్రతో ఆగదు. విశాఖ రేవు నుంచి ఓడలు వెళ్లే అండమాన్ నికోబార్ దీవుల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వలసవెళ్లిన కుటుంబాలవారే. అక్కినేని, వాణిశ్రీల 'అండమాన్ అమ్మాయి' (1979) ఆ దీవులను పేరులోనే పెట్టుకుంది, కానీ అది తమిళ 'అండమాన్ కాదలి'కి రీమేక్. అక్కడికి వలసవెళ్లిన ఉత్తరాంధ్ర కుటుంబం తన ఇంటి మాటను తెరపై వినాలంటే 'కంచరపాలెం' దగ్గరి చిరునామా.

సినిమాను తమిళంలో 'కేరాఫ్ కాదల్' పేరుతో హేమంబర్ జాస్తి తీశారు, 2021లో విడుదలైంది. వెంకటేష్ మహా రెండో చిత్రం 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య' 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అది మలయాళ 'మహేషింటె ప్రతికారం'కు తెలుగు రూపం.